చేదు బీరు గురించి మనవాళ్ళు పదే పదే అడిగేవి

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, బల్లార్‌పూర్. పుణెలో ఒక బ్రూవరీ (బీరు కాచే చోటు) ట్యాప్‌రూమ్‌లో, అంటే అక్కడే బీరు పోసిచ్చే బార్‌లో, కొన్నేళ్ళు పనిచేశాను. సెలవుకి ఇంటికొస్తే బావ మొదలుపెడతాడు, తర్వాత రాజురా నుంచి ఫోన్లు, ఆ తర్వాత పెళ్ళి పందిరి వెనకాల పదిమంది, అందరివీ అవే ప్రశ్నలు. దీనికో కారణం ఉంది. చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ నుంచి 2021 వరకు మద్యనిషేధం. సరిగ్గా ఆ ఏళ్ళలోనే పుణె, ముంబై, బెంగళూరుల్లో క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీలు కాచే రకరకాల బీరు, ఊపందుకుంది. మన దుకాణాలు మళ్ళీ తెరిచేసరికి షెల్ఫ్ మీద ఏనుగుల బొమ్మలు, పుర్రెల బొమ్మలు ఉన్న క్యాన్లు కనిపించాయి, అవేంటో చెప్పేవాళ్ళు లేరు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇలా రాసి పెడుతున్నా. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదటి గ్లాసు దగ్గర

ఇంత చేదుగా ఉందేంటి, పాడైపోయిందా?

చాలావరకు పాడవదు, అది అలాగే ఉండాలి. ఆ చేదు హాప్స్‌ది. హాప్స్ అంటే ఒక తీగకి పూసే ఆకుపచ్చ పువ్వులు, రేకు మీద రేకుగా గుత్తిలా ఉంటాయి, విప్పి చూస్తే మధ్యలో పసుపు రంగు పొడి జిగురుగా వేలికంటుకుంటుంది. దాన్ని లుపులిన్ అంటారు. అందులోని ఆల్ఫా ఆమ్లాలు పచ్చిగా ఉన్నప్పుడు పెద్దగా కరగవు. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నీళ్ళలో గంటసేపు మరిగితే వాటి రూపం మారి కరిగిపోతాయి, బీరులో చేదు అక్కడ పుడుతుంది. అదే హాప్స్‌ని దించే ముందు వేస్తే చేదు తక్కువ, వాసన ఎక్కువ. చారులో కొత్తిమీర ముందే వేసి మరిగిస్తే వాసన ఎగిరిపోతుంది, దించేటప్పుడు వేస్తే నిలబడుతుంది కదా, అలాగన్నమాట. నిజంగా పాడైన బీరు చేదుగా కాదు, అక్కర్లేని పులుపుతోనో తడిసిన అట్టపెట్టె వాసనతోనో దొరికిపోతుంది.

అసలు చేదెందుకు వెయ్యాలి? తియ్యగా వదిలేయొచ్చుగా?

హాప్స్ లేని బీరు మాల్ట్ తీపితో నోటికి జిడ్డుగా అంటుకుంటుంది, రెండో గుక్క తాగబుద్ధి కాదు. పైగా హాప్స్ చేదు కొన్ని రకాల బాక్టీరియాని, ముఖ్యంగా పులిపించేవాటిని, పెరగనివ్వదు. ఫ్రిజ్‌లు లేని కాలంలో అది చిన్న విషయం కాదు. హాప్స్ రాకముందు యూరప్‌లో రకరకాల ఆకులు, మూలికలు కలిపి వేసేవాళ్ళు. 1516లో ఇప్పటి జర్మనీలోని బవేరియా పాలకులు బార్లీ, నీళ్ళు, హాప్స్ తప్ప ఇంకేమీ వెయ్యొద్దని చట్టమే చేశారు. బీరుని పులియబెట్టే ఈస్ట్ సంగతి అందులో లేదు, అప్పటికి దాని గురించి ఎవరికీ తెలియదు మరి.

ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) పేరులో ‘ఇండియా’ ఉంది కదా, అయితే మన బీరేనా?

మైసూర్ బజ్జీలో మైసూర్ ఎంతో ఇందులో ఇండియా అంత. 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి ఈస్టిండియా కంపెనీ ఓడల్లో ఇక్కడి తెల్లదొరలకి లేత రంగు బీరు వచ్చేది. 1820ల్లో ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి వాళ్ళు ఆ వ్యాపారంలోకి దిగారు. మామూలు బీరు ఓడలో చెడిపోతుంటే హాప్స్ దట్టించి ఐపీఏ కనిపెట్టారని చెప్పే కథ సగమే నిజం. వేడి దేశాలకి పంపే బీరులో హాప్స్ ఎక్కువ వెయ్యడం అప్పటికే ఉన్న అలవాటు, నల్లటి పోర్టర్ బీరు కూడా అదే ఓడల్లో బాగానే వచ్చేది. ఇప్పుడు మనం తాగే ఐపీఏకి అసలు పుట్టిల్లు అమెరికా. 1972లో అక్కడ క్యాస్కేడ్ అనే హాప్ రకం విడుదలైంది, నారింజ తొక్కలాంటి ఆ వాసన చుట్టూనే మిగతా కథంతా నడిచింది.

ఐబీయూ (చేదు కొలిచే యూనిట్) 60 అంటే 60 శాతం చేదా?

కాదు. లీటరు బీరులో సుమారు ఎన్ని మిల్లీగ్రాముల చేదు పదార్థం ఉందో చెప్పే లెక్క అది. గోధుమ బీరుకి 8 నుంచి 15, చెక్ పిల్స్‌నర్‌కి 30 నుంచి 45, అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70, డబుల్ ఐపీఏకి 60 నుంచి 100 దాకా ఉండొచ్చు. కానీ ఈ అంకె చూసి భయపడకండి, మురిసిపోనూ వద్దు. చిక్కటి నల్లబీరు ఇంపీరియల్ స్టౌట్‌కి 70 ఉన్నా తియ్యగానే అనిపిస్తుంది, ఎందుకంటే మాల్ట్ తీపి దాన్ని మోస్తుంది. పల్చటి బీరుకి 40 ఉన్నా నాలుక మీద గీరినట్టుంటుంది. కాకరకాయ పులుసులో బెల్లం ఎంత వేశారో తెలియకుండా కాకరకాయలెన్నో లెక్కపెట్టి ఏం లాభం?

చేదు ఎక్కువుంటే కిక్కు కూడా ఎక్కువా?

పెళ్ళిళ్ళలో ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. రెండింటికీ సంబంధం లేదు. మన దేశంలో స్ట్రాంగ్ అని అమ్మే బీర్లలో ఆల్కహాల్ 5 శాతం పైన, 8 శాతం దాకా ఉంటుంది, హాప్స్ చేదు మాత్రం నామమాత్రం. వాటిలో గొంతు మండించేది ఆల్కహాల్. అదే ఒక సెషన్ ఐపీఏ, అంటే ఆల్కహాల్ తగ్గించి చేసిన ఐపీఏ, నాలుగున్నర శాతంతోనే నోరంతా చేదు చేస్తుంది. కిక్కు తెలియాలంటే లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి, నాలుకని అడగొద్దు. ఇక సీసాని నీళ్ళ గ్లాసులో తలకిందులుగా పెడితే గ్లిజరిన్ దిగిపోతుందనే మా బావ ప్రయోగం: దిగేది బీరే బావా.

## నాలుగైదుసార్లు తాగాక

నాకు చేదు అస్సలు పడదు, నా నాలుకలో ఏమైనా లోపమా?

లోపం కాదు, పుట్టుకతో వచ్చిన తేడా. మన నోట్లో చేదుని పట్టే గ్రాహకాలు సుమారు 25 రకాలున్నాయి, ఒక్కోటి ఒక్కో రకం చేదుకి స్పందిస్తుంది. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలోంచి పీటీసీ అనే పొడి గాల్లోకి లేస్తే పక్కనున్నాయన చేదు చేదన్నాడు, ఫాక్స్‌కి మాత్రం ఏమీ తెలియలేదు. చేదు అందరికీ ఒకేలా తగలదని అలా తేలింది. హాప్స్ చేదుని పట్టేవి ఆ పీటీసీని పట్టేదానికంటే వేరే గ్రాహకాలు, కాబట్టి ఒక చేదు పడనివాళ్ళకి ఇంకో చేదు పడకూడదని లేదు. నాలుక వెనక భాగానికే చేదు తెలుస్తుందని బళ్ళో గీయించిన పటం కూడా తప్పు. నాలుక అంతటికీ తెలుస్తుంది.

ఎన్నిసార్లు తాగితే అలవాటవుతుంది?

అంకె చెప్పలేను, చెప్పేవాళ్ళని నమ్మొద్దు. చేదంటే విషం కావచ్చని శరీరం అనుమానిస్తుంది, అందుకే మొదటిసారి మొహం ముడుచుకుంటుంది. మళ్ళీ మళ్ళీ తగిలినా ఏమీ కాకపోతే, పైగా దానితో పాటు మంచి వాసనో నలుగురి కబుర్లో ఉంటే, అనుమానం తగ్గుతుంది. కాఫీకీ ఇంతే. మనింట్లో ఉగాదికి వేపపూత పచ్చడి, అదే రోజు పక్కింటి మరాఠీవాళ్ళకి గుడీ పడ్వా, వాళ్ళు వేపాకు బెల్లంతో కలిపి పెడతారు. చిన్నప్పుడు రెండిళ్ళలోనూ తప్పించుకోలేక తిన్నవాణ్ణి, ఇప్పుడు అడిగి తింటున్నా. బీరుతో అయితే గోధుమ బీరు, తర్వాత ఓ మోస్తరు చేదున్న పేల్ ఏల్, తర్వాత మబ్బుగా ఉండే హేజీ ఐపీఏ, ఆ తర్వాతే తేటగా చేదుగా ఉండే వెస్ట్ కోస్ట్ ఐపీఏ, ఈ వరుస సులువు. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఆగిపోండి. నచ్చనిదాన్ని డబ్బు పెట్టి కష్టపడి తాగాల్సిన ఖర్మ ఎవరికీ లేదు.

చేదు కాదు, గొంతు దగ్గర పట్టేసినట్టుంటుంది. అదేంటి?

అది వగరు. ఈ విషయంలో మనకి భాష కలిసొచ్చింది. షడ్రుచుల్లో చేదు వేరు, వగరు వేరు అని చిన్నప్పటి నుంచి వింటాం కాబట్టి, పచ్చి తునికి కాయ కొరికితే నోరు ఎలా బిగుసుకుంటుందో తెలిసిన మనవాళ్ళు దీన్ని ఇట్టే పట్టేస్తారు. ట్యాప్‌రూమ్‌లో చాలామంది రెండిటినీ కలిపి చేదనేసేవాళ్ళు, బీరు కాచేవాడికి అది ఏ తప్పో అర్థమయ్యేది కాదు. చేదు, మరిగిన హాప్స్ నుంచి వస్తుంది, నాలుక మీద రుచిగా తెలుస్తుంది. వగరు, పాలీఫినాల్స్ అనే టానిన్ జాతి పదార్థాల నుంచి వస్తుంది, రుచి కంటే స్పర్శలా ఉంటుంది, నోరు ఎండినట్టు, గరుకుగా. ఈమధ్య బీరు పులిశాక చల్లగా ఉన్నప్పుడే హాప్స్ గుమ్మరించే పద్ధతి, డ్రై హాపింగ్, బాగా పెరిగింది. అలా వేసిన హాప్స్ ముక్కలు పూర్తిగా కిందికి దిగకముందే క్యాన్‌లో నింపేస్తే గొంతులో గీరుకుపోతుంది. అలాంటి క్యాన్ దొరికితే ఫ్రిజ్‌లో నిలబెట్టి వారం, పది రోజులు వదిలేసి, అడుగు కదలకుండా వంచుకుని చూడండి, చాలాసార్లు సర్దుకుంటుంది. చేదైతే ఎన్నాళ్ళుంచినా అంత త్వరగా తగ్గదు, తేడా అలా కూడా తెలుసుకోవచ్చు.

మొదటి గుక్క చేదు, గ్లాసు సగానికి వచ్చేసరికి లేదు. ఎందుకు?

నోరు అలవాటు పడిపోతుంది, గదిలో అగరుబత్తి వాసన కాసేపటికి తెలియనట్టు. కొందరికి తిరగబడుతుంది కూడా, హాప్స్ చేదు నోట్లో నిలిచే రకం కాబట్టి గుక్క గుక్కకీ పేరుకుంటుంది. నాలుగు రకాలు రుచి చూడాలంటే తక్కువ చేదుతో మొదలుపెట్టి పైకి వెళ్ళండి, మధ్యలో మంచినీళ్ళు, ఉత్త బ్రెడ్డు ముక్క.

## నోరు మారిపోయాక

ఒకప్పుడు చేదనిపించిన బీరే ఇప్పుడు చప్పగా ఉంది. వాళ్ళు మార్చేశారా?

మారింది ఎక్కువగా మీరే. దీనికి కాలిఫోర్నియాలోని రష్యన్ రివర్ బ్రూవరీలో బీరు కాచే విన్నీ సిలుర్జో సరదాగా ఒక పేరు కూడా పెట్టాడు, లుపులిన్ థ్రెషోల్డ్ షిఫ్ట్ అని. అంటే హాప్స్‌కి మన గీటురాయి పైకి జరిగిపోవడం. కారం తినేవాళ్ళకి రోజురోజుకీ ఇంకో మిరపకాయ కావాల్సొచ్చినట్టే. ఒక రెండు మూడు వారాలు హాప్స్ జోలికి వెళ్ళకుండా ఉండి మళ్ళీ ఆ పాత పేల్ ఏల్ తాగండి, నాకైతే పోయిన స్నేహితుడు తిరిగొచ్చినట్టుంటుంది. అలాగని తప్పంతా మనదే అనలేం. హాప్స్ పంట ఏ ఏటికాయేడు మారుతుంది, అదే పేరున్న హాప్ ఈ ఏడు ఇంకో రకంగా ఉండొచ్చు.

ఐపీఏ అంటే చేదన్నారు, ఇదేంటి మామిడిరసంలా ఉంది?

చేదు పోటీకి విసిగిపోయి జనం అటు తిరిగారు. అమెరికాలో 1994లో సిలుర్జోనే డబుల్ ఐపీఏ మొదలుపెట్టాడు, ఆ తర్వాత పదిహేనేళ్ళు ఎవరి బీరు ఎక్కువ చేదో అన్నట్టు సాగింది. నాలుక మీద తోలు ఊడిపోతుందని లేబుళ్ళ మీద గొప్పగా రాసుకున్న రోజులవి. ఇంతలో అక్కడి వెర్మాంట్ రాష్ట్రంలో ఆల్కెమిస్ట్ అనే బ్రూవరీ హెడీ టాపర్ అనే బీరు చేసింది, 2004లో మొదటిసారి, 2011 నుంచి క్యాన్లలో. చూడ్డానికి మబ్బుగా, వాసనకి పండ్లబుట్టలా. దాని వెనకాలే హేజీ ఐపీఏలు వరద కట్టాయి. 2018లో అమెరికా బ్రూవర్ల సంఘం దాన్ని వేరే రకంగా ఒప్పుకుంది.

కిటుకేమిటంటే హాప్స్‌ని మరిగే నీళ్ళలో దాదాపు వెయ్యరు, పులిసేటప్పుడు, పులిశాక వేస్తారు. దాంతో వాసన నూనెలు మిగులుతాయి, చేదు పుట్టదు. ఓట్స్, గోధుమలు నునుపునిస్తాయి. సిట్రా, మొజాయిక్ లాంటి హాప్స్‌లో మామిడి, నిమ్మ వాసనలు వాటంతట అవే ఉంటాయి, పండు రసం కలపక్కర్లేదు. నాగ్‌పూర్ సంత్రా ఒలిచేటప్పుడు తొక్క నుంచి కళ్ళలోకి చిమ్ముతుందే, ఆ తుంపర వాసన హేజీది. తొక్క లోపలి తెల్లపొర కొరికితే వచ్చే చేదు పాత వెస్ట్ కోస్ట్‌ది. ఒకే పండు, రెండు వైపులు. ఇప్పుడు మళ్ళీ తేట బీర్ల వైపు గాలి మళ్ళింది. నన్నడిగితే హేజీలో తప్పులేదు గానీ, పాల చక్కెర పోసి మిల్క్‌షేక్ చేసేవి మాత్రం నాకు పడవు.

వయసుతో చేదు రుచి మారుతుందా?

మారుతుంది. పిల్లలకి చేదు గట్టిగా తగులుతుంది, పెద్దయ్యాక మెత్తబడుతుంది. కొన్ని మందులు, జలుబు కూడా రుచిని తారుమారు చేస్తాయి. ముక్కు మూసుకుపోతే హాప్స్ వాసన పోయి ఉత్త చేదే మిగులుతుంది, అందుకే జలుబుతో ఐపీఏ తాగి తిట్టొద్దు.

## కొనడం, దాచడం, మన ఎండ

నాగ్‌పూర్‌లో తాగితే అమృతం, అదే క్యాన్ ఇంటికి తెచ్చుకుంటే తుస్సు. ఎందుకు?

ఎండ. మే నెలలో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం మనకి వార్తే కాదు. హాప్స్ వాసనలకి వేడి, ఆక్సిజన్ రెండూ శత్రువులు. ఉష్ణోగ్రత పదేసి డిగ్రీలు పెరిగేకొద్దీ బీరు ముసలిదవడం ఇంచుమించు రెండు మూడింతలవుతుంది. ముందు పండ్ల వాసన పోతుంది, చేదు మొరటవుతుంది, తర్వాత అట్టపెట్టె వాసన మొదలవుతుంది. మళ్ళీ ఫ్రిజ్‌లో పెడితే చల్లబడుతుంది గానీ పోయింది రాదు. ఒకసారి ఒక దుకాణంలో డిస్కౌంట్ అని ఆశపడి ఆరు క్యాన్లు కొన్నా, తీరా చూస్తే అట్టపెట్టెలు గుమ్మం బయట ఎండలో పేర్చి ఉన్నాయి. ఆ ఆరూ సింకు పాలే. ఫ్రిజ్‌లోంచి తీసిచ్చే చోటే కొనండి, మన మామూలు లాగర్ బీరుకి అంత పట్టింపు లేకపోయినా హాప్స్ బీరుకి ఉంది.

డేట్ చూసి కొనమంటారు, ఏ డేట్?

ఎక్స్‌పైరీ కాదు, తయారైన తేదీ. ఎక్స్‌పైరీ ఆరు నెలలుంటుంది కాబట్టి దుకాణం వాడు అది చూపిస్తాడు. ఐపీఏ అయితే రెండు, మహా అయితే మూడు నెలల లోపుది తీసుకోండి.

ఆకుపచ్చ సీసా బీరు కంపు కొడుతుందేం?

వెలుతురు తగిలి. హాప్స్ చేదు పదార్థం మీద వెలుగు పడితే గంధకం ఉన్న ఒక కొత్త పదార్థం పుడుతుంది, ఉత్తర అమెరికాలో స్కంక్ అనే జంతువు వదిలే కంపుకి అది దగ్గరి చుట్టం, చిటికెడు కూడా అక్కర్లేదు. ఎండలో నిమిషాల్లో జరిగిపోతుంది. గోధుమరంగు సీసా బాగా కాపాడుతుంది, ఆకుపచ్చ, తెల్ల సీసాలు కాపాడవు, క్యాన్‌కి ఆ బెంగే లేదు.

ఐస్‌లా చల్లగా తాగాలా?

7 నుంచి 10 డిగ్రీలు చాలు. మరీ చల్లగా ఉంటే వాసన లేవదు. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు, మన మే నెలలో అయితే రెండు నిమిషాలు.

గడ్చిరోలి చుట్టాలకి పట్టుకెళ్ళొచ్చా? తెలంగాణ నుంచి తెచ్చుకోవచ్చా?

వద్దు. గడ్చిరోలిలో 1993 నుంచి నిషేధం ఉంది. రాష్ట్రాల ఎక్సైజ్ వేర్వేరు, ఇటు సిర్పూర్ నుంచి సంచిలో తెచ్చినా కేసే. మహారాష్ట్రలో బీరు తాగడానికి 21 ఏళ్ళు నిండాలి, లిక్కర్‌కైతే 25. బీరు కోసం చెక్‌పోస్టు దగ్గర టెన్షన్ పడటం అనవసరం.

## పక్కన ఏం తినాలి

నాగ్‌పూర్ వైపు ఘాటుగా వండే సావజీ మటన్‌తో ఐపీఏ ఎలా ఉంటుంది?

మంట మీద పెట్రోలు. మిరియాల ఘాటు, ఎండుమిర్చి కారం, పైన ఆల్కహాల్, దాని మీద చేదు, అన్నీ ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. సరదాగా కావాలనుకునేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళిష్టం. నేనైతే సావజీకి గోధుమ బీరు, ఐపీఏకి ఉప్పుగా నూనెగా ఉండేవి, అంటే జంతికలు, వేయించిన పల్లీలు, ఉల్లిపాయ పకోడీ పెడతాను. ఉప్పు చేదుని అణుస్తుంది, చేదు నూనె జిడ్డుని కోస్తుంది. బీరులోనే చిటికెడు ఉప్పు వేస్తే? చేదు తగ్గుతుంది నిజమే, కానీ నురగ పొంగి టేబుల్ మీదకొస్తుంది, గ్యాసూ పోతుంది.

## ఇంట్లోవాళ్ళు అడిగేవి

చేదు కదా, షుగర్‌కి మంచిదటగా?

మా పెద్దమ్మ దగ్గర్నుంచి అందరూ ఇదే అడుగుతారు, కాకరకాయ లెక్కలో. చేదుకీ షుగర్‌కీ అలా లంకె లేదు. చేదు బీరులో కూడా పిండిపదార్థాలు, ఆల్కహాల్ కేలరీలు ఉంటాయి, ఐపీఏలో లాగర్ కంటే ఎక్కువే ఉండొచ్చు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళలో ఆల్కహాల్ షుగర్‌ని ఉన్నట్టుండి పడగొట్టగలదు, అది ఇంకా ప్రమాదం. హాప్స్‌లో క్యాన్సర్‌ని ఆపే గుణం ఉందని వాట్సాప్‌లో వస్తుంటుంది, ఆల్కహాల్‌నే క్యాన్సర్ కారకాల జాబితాలో 1988లోనే పెట్టారని మాత్రం అందులో రాయరు.

హాప్స్ గంజాయి జాతిదేనటగా?

ఒకే వృక్ష కుటుంబం, నిజమే. వాసనలో పోలిక కూడా ఉంటుంది. కానీ మత్తునిచ్చే పదార్థం హాప్స్‌లో లేదు. వేప, కరివేపాకు పేర్లు కలిసినంత మాత్రాన ఒకటవవు కదా.

పత్తి తీసేసి హాప్స్ వేస్తే మన దగ్గర పండుతుందా?

రాజురా వైపు పత్తి రేటు పడినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. మన దేశంలో హాప్స్ పండిన చోటు హిమాచల్‌లోని లాహౌల్ లోయ. ఈ తీగకి ఎండాకాలంలో పొడుగు పగళ్ళు కావాలి, చలికాలంలో గట్టి చలి కావాలి, అందుకే ప్రపంచంలో ఎక్కువగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య పండిస్తారు. మనం ఉన్నది 20 దగ్గర. దీపాలు పెట్టి పగటిని పొడిగించి వేడి దేశాల్లో పండించేవాళ్ళున్నారు, ఆ ఖర్చు మన చేలకి కుదరదు. నేనూ మాట వినకుండా తెప్పించి పెరట్లో ఒక తీగ వేశాను. ఫిబ్రవరిలో గోడెక్కింది, మార్చిలో అమ్మ దాన్ని దొండపాదు అనుకుని కాయల కోసం వెతికింది, మే రెండో వారానికి ఎండుపుల్ల.